సర్కారు తుమ్మ కొట్టడం, ఇంటి దగ్గర కట్టెలు నిల్వ చేయడం: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి సలహా కావాలి

మెట్టపొలం:

అందరికీ నమస్తే. దర్శి దగ్గర మాకు ఎకరంన్నర మెట్ట ఉంది. ఏళ్ల తరబడి దున్నకపోవడంతో సగం పైన సర్కారు తుమ్మ అలుముకుంది. మొదళ్లు మణికట్టు లావు నుంచి తొడ లావు దాకా ఉన్నాయి. ఇంటి పక్కన రెండు వేపచెట్లు, ఒకదాని కొమ్మ రేకుల మీదకి వాలింది. గట్టు మీది మామిడి తుపాను గాలికి వేళ్లతో సహా ఒరిగి పడింది.

ఇంతవరకు గొడ్డలి, వేటకత్తి తప్ప ఏదీ పట్టలేదు. ఇప్పుడు 16 అంగుళాల బార్ (చైన్ తిరిగే పలక) ఉన్న పెట్రోల్ రంపం కొన్నాం. నేనూ మా తమ్ముడూ మెల్లగా చేసుకుందామని ఆలోచన. కట్టెలు నీళ్ల బాయిలర్‌కి, ఇంట్లో కార్యం ఉంటే గాడిపొయ్యికి కావాలి.

ఏ పని ముందు, ఏది తర్వాత? రంపంతో కొత్తవాళ్లు ఎక్కడ దెబ్బతింటారు? ఇప్పుడు జనవరిలో కొడితే వానల్లోపు ఎండుతుందా? ఇంటి వెనక పేరిస్తే చెదలు, పాముల సంగతేంటి?

రంపంపొట్టు:

మెట్టపొలం గారూ, రంపం చేతికి అలవాటయ్యేదాకా నిలబడ్డ చెట్టు జోలికి వెళ్లొద్దు. ముందు మణికట్టు లావు తుమ్మ కొమ్మల్ని కత్తితోనో చేతిరంపంతోనో కొట్టి ఒకచోట వేసుకోండి. ఎక్స్ ఆకారంలో రెండు జతల కర్రలు కొట్టి స్టాండు చేసి, దాని మీద పెట్టి ముక్కలు కోయండి. కొన్ని రోజులు ఇదే పని. ఆ తర్వాత జబ్బ లావు తుమ్మలు పడగొట్టడం. పడిపోయిన మామిడి మూడోది. అది సులువనిపిస్తుంది గానీ కాదు, కింద చెబుతాను. వేప ఆఖర్న, అదీ నేల మీద నిలబడి అందినంత వరకే.

ముందు పెట్రోల్ సంగతి. టూ స్ట్రోక్ ఇంజన్‌కి 50:1 అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. మీ రంపం పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఆయిల్ మర్చిపోయి ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఆ రంపం ఇక బాగుచేయించే ఖర్చుకి తగదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలో తేమని లాగేస్తుంది. అందుకని లీటరో రెండు లీటర్లో కలుపుకుని నెల లోపల వాడేయండి. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి పెట్టాలి. అలా చెయ్యని రంపాలే మరుసటి ఏడాది కార్బొరేటర్ పట్టేసి మెకానిక్ దగ్గర వరుసలో ఉంటాయి.

బార్‌కి పోసే ఆయిల్ వేరే. పెట్రోల్ పోసిన ప్రతిసారీ దాన్నీ నింపాలి. పెట్రోల్ అయిపోయాక కూడా ఆయిల్ అలాగే నిండుగా ఉందంటే ఆయిల్ రంధ్రం రంపపు పొట్టుతో మూసుకుపోయిందన్నమాట. బార్ కొనని ఒక తెల్లటి అట్టకి జానెడు దూరంలో పెట్టి ఇంజన్ రైజ్ చేస్తే అట్ట మీద సన్నటి నూనె చార పడాలి. పడకపోతే కోత ఆపండి.

చైన్ బిగింపు: బార్ కిందివైపు చైన్ వేలాడకూడదు, గ్లౌజు చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. వేడెక్కితే సాగుతుంది, మళ్లీ బిగిస్తారు. పని అయ్యాక ఆ బిగింపు వదులు చేయాలి, లేదంటే చల్లారేసరికి బార్‌ని పట్టేస్తుంది.

పదును చాలామంది నిర్లక్ష్యం చేసేది. కోతలో పెసరగింజంత తునకలు రాలుతుంటే పదును ఉన్నట్టు. పిండిలా రాలుతుంటే మొద్దుబారినట్టు. మొద్దుబారిన చైన్‌ని మనిషి బలంతో నొక్కుతాడు, నొక్కినప్పుడే రంపం జారుతుంది. చిన్న రంపాలకి వచ్చే సన్న రకం త్రీ బై ఎయిట్ చైన్‌కి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పాయింట్ త్రీ టూ ఫైవ్ చైన్‌కి 4.8 మిల్లీమీటర్లది కావాలి. 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పంటిని తాకకూడదు. ఒక్కో పంటికి రెండు మూడు తోపులు చాలు, కానీ అన్నిటికీ సమానంగా. ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకరగా పోతుంది. పెట్రోల్ నింపిన ప్రతిసారీ ఈ పని చేస్తే అయిదు నిమిషాలే. తుమ్మ మొదళ్లకి మట్టి, ఇసుక అంటి ఉంటాయి. కోసే చోట కత్తితో బెరడు గీకేయండి. నేలకి ఒక్కసారి చైన్ తగిలినా పదును పోయినట్టే.

ప్రమాదం ఎక్కడంటే బార్ కొన పైభాగంలో. ఆ పావు వంతు దేనికి తగిలినా రంపం కన్నుమూసి తెరిచేలోగా మొహం మీదకి ఎగురుతుంది. అందుకే ఎడమ చేయి నిటారుగా, బొటనవేలు ముందు పిడి చుట్టూ తిప్పి పట్టాలి, పైన ఆన్చి కాదు. భుజం ఎత్తు దాటి కోయకూడదు. నిచ్చెన మీద రంపం అసలే వద్దు. స్టార్ట్ చేసేటప్పుడు నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ వేసి, వెనక పిడిలో కాలు ఆన్చి లాగాలి. చేత్తో గాల్లో పట్టుకుని లాగే అలవాటు సినిమాల్లోది.

బట్టల విషయం: లుంగీ, మెడలో కండువా, వదులు చొక్కా, చెప్పులు ఏవీ కుదరవు. జాలీ ముసుగు ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్‌లు, కాళ్లకి చైన్‌సా చాప్స్. చైన్ తగలగానే చాప్స్ లోపలి దారాలు చక్రంలో చుట్టుకుని రంపాన్ని ఆపేస్తాయి. బూట్లకి ముందు ఇనుప టోపీతో పాటు అరికాలి కింద ఇనుప పలక ఉన్నవి తీసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు మామూలు బూటు అడుగుని దాటి పాదంలోకి దిగుతుంది. లోపల విరిగితే రోజుల తరబడి వాపు, చీము.

ఇక తుమ్మ పడగొట్టడం. ముందు పొడుగు కర్ర కత్తితో ఛాతీ ఎత్తు దాకా కంప అంతా కొట్టి పక్కకి లాగేయాలి. మొదలు కనపడనిదే రంపం స్టార్ట్ చేయొద్దు. వెనక్కి ఏటవాలుగా రెండు వైపులా తప్పుకునే దారి చదును చేసుకోండి. తమ్ముడు గారు చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఉండాలి.

లెక్క తేలిగ్గా తెలియడానికి 20 సెంటీమీటర్ల మొదలు అనుకోండి. పడాల్సిన వైపు 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతు గాటు, నోరు తెరిచినట్టు కనీసం 45 డిగ్రీలు. తర్వాత వెనక నుంచి, గాటు అడుగు కన్నా 2 సెంటీమీటర్లు పైన అడ్డంగా కోత. రెండిటి మధ్య 2 సెంటీమీటర్ల పట్టీ కోయకుండా మిగలాలి. చెట్టుని దారిలో పెట్టేది ఆ పట్టీయే. అది కూడా కోసేస్తే ఎటు పడుతుందో చెప్పలేం. కోత తెరుచుకోగానే రంపం ఆపి పక్కకి తప్పుకోవాలి, నిలబడి చూడకూడదు.

బాగా ఒరిగిన తుమ్మలతో ఇంకో ఇబ్బంది. వెనక కోత సగంలో ఉండగానే మొదలు నిలువునా చీలి, ఆ చీలిక పైకి లేచి ఛాతీకి కొడుతుంది. వాటికి ముందు పైబరువు అంటే కొమ్మలు తగ్గించాలి. తొడ లావున్నవి, బాగా ఒరిగినవి ఈ ఏడాదికి వదిలేయండి.

మామిడి: వేళ్లతో లేచిన చెట్టుకి మాను కోయగానే వేళ్ల దిమ్మ మళ్లీ గుంటలోకి పడొచ్చు. ఆ గుంటలో, దాని దగ్గర ఎవరూ ఉండకూడదు. వేళ్ల వైపు మనిషి ఎత్తు మాను వదిలి అక్కడ కోయాలి, అదీ చివర్న. మిగతాది కొస నుంచి మొదటికి రండి. మాను రెండు చివర్లా ఆని మధ్యలో గాల్లో ఉంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది: పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి. ఒక చివరే ఆని రెండోది వేలాడుతుంటే దీనికి తిరగబడి: ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇది తారుమారైతే బార్ ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, గునపంతో మాను ఎత్తి తీయాలి. లాగి పీకితే బార్ వంగుతుంది. నేలకి వంగి బిగుసుకున్న సన్న కొమ్మలు మరీ మోసం. ఒక్క కోతతో కొరడాలా లేస్తాయి. వంపు లోపలివైపు చిన్న చిన్న గాట్లు పెట్టి బిగువు తగ్గనిచ్చి కోయండి.

మానుకోట_కట్టె:

రంపంపొట్టు అన్న మంచిగ చెప్పిండు. రెండు ముచ్చట్లు కలుపుత.

ఒకటి అనుమతి. వాల్టా అంటె నీళ్లు, భూమి, చెట్ల చట్టం, 2002ది, రెండు రాష్ట్రాలల్ల నడుస్తది. పట్టా భూమిల ఉన్నా సరే చెట్టు కొట్టాలంటె అనుమతి అడగాలె. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాల ఉందో లేదో అటవీ రేంజ్ ఆఫీసుల అడిగి తెలుసుకోండి, నోటిమాట నమ్మి వేప, మామిడి మాను కొట్టకండి. కట్టె ట్రాక్టర్ల తీస్కపోతె దారిల ఆపి కాయితం అడుగుతరు. చెరువు కట్ట, పోరంబోకు, రోడ్డు పక్క తుమ్మలు పొలాన్ని ఆనుకొని ఉన్నా మనయి కావు.

రెండోది కరెంటు. వేప కొమ్మ దగ్గర సర్వీసు వైరు పోతుందా చూడండి. 11 కేవీ లైను 3 మీటర్ల లోపల ఉంటె ఆ కొమ్మ మీరు ముట్టద్దు. పచ్చికొమ్మల కరెంటు పారుతది, అల్యూమినియం దోటి అయితె చెప్పనే అక్కర్లేదు. 1912కు ఫోన్ చేసి గానీ లైన్‌మెన్‌ను కలిసి గానీ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటె లైనుల కరెంటు బంద్ పెట్టించుడు) తీసుకున్నంకనే పని. "పక్క ఊర్లె కరెంటు పోయింది, మనకూ లేదు" అనుకునుడు లెక్క కాదు, ఎప్పుడు వస్తదో ఎవరికి తెలుసు.

వేప కొమ్మ కోసుడు గురించి. ఒక్కటే కోత పెడితె కొమ్మ బరువుకు కింద బెరడు మాను దాక చీల్కపోతది. మూడు కోతలు పెట్టాలె. మానుకు అడుగు దూరంల కింది నుంచి పావు వంతు. దానికి రెండు అంగుళాలు అవుతలకి పైనుంచి పూర్తిగ, కొమ్మ పడిపోతది. మిగిలిన మోడు మూడో కోతల తియ్యాలె. కొమ్మ మొదట్ల ముడుతలు పడి ఉబ్బుగ ఉంటది చూడండి, ఆ ఉబ్బును కొయ్యద్దు, దాన్ని ఆనుకొని బయట కొయ్యాలె. గాయం మూసుకొచ్చేది ఆడికెల్లే. మానుకు సాపుగ కోసినా తప్పే, జానెడు మోడు ఇడిచినా తప్పే. మోడు కుళ్లి లోపలికి తింటది.

రేకుల మీద ఉన్న కొమ్మ మాత్రం తాడు కట్టి దించేది, చెట్టెక్కే పనిమంతునికి ఇయ్యండి. దాని బరువు కింద నుంచి చూస్తె తెల్వదు.

వేప కొమ్మలు ఎండినట్టు కనపడితె చెట్టు సచ్చిందని కొట్టకండి. 2021ల తెలంగాణల వేపలన్ని మాడినట్టు అయినయి, శిలీంధ్రం తెగులు. శానా చెట్లు మళ్ల చిగురు పెట్టినయి. అసొంటి చెట్టు కోసినంక రంపం స్పిరిట్‌తోని తుడిచి ఇంకో చెట్టుకు పోవాలె.

కోసిన గాయానికి బోర్డో పేస్ట్: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. రెండు వేరు వేరు ప్లాస్టిక్ బకెట్లల్ల కరిగించి కలపాలె, ఇనుప గిన్నె వాడద్దు. కలిపినంక శుభ్రమైన ఇనుప కత్తి ముంచి తీస్తె రాగి రంగు పడద్దు. పడితె సున్నం ఇంక కొద్దిగ కలపాలె. రెండు కొమ్మలకు అంత అక్కర్లేదు, 100 గ్రాములు, 100 గ్రాములు, లీటరు నీళ్లు సాలు. ఆ దినమే పూయాలె, దాచిపెడితె పనికిరాదు.

మెట్టపొలం:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేకుల మీది కొమ్మ మనిషిని పెట్టి తీయిస్తాం. ఇంకో సందేహం: కొట్టిన తుమ్మ మళ్లీ చిగురిస్తుంది కదా, వేళ్లతో తీయాలా? ఇంకా కట్టెల సంగతి ఎవరూ చెప్పలేదు.

సరుగుడుతోట:

తుమ్మ చిగురు గురించి ముందు. సర్కారు తుమ్మకి నేల మట్టం దగ్గరున్న కణుపుల నుంచి చిగుళ్లు వస్తాయి. నరికి వదిలేస్తే ఒక మొదలు స్థానంలో పది మొలకలు. పంట వేసుకోవాలంటే నేల కింద అడుగు లోతు దాకా తవ్వి ఆ మొదలు గడ్డ తీసేయాలి, లేదా జేసీబీతో పెకలించాలి. కట్టెలే కావాలనుకుంటే గట్టు వైపు ఒక వరస ఉంచుకోండి. మొలకల్లో నిటారుగా ఉన్న రెండు మూడు వదిలి మిగతావి కొట్టేస్తుంటే మూడు నాలుగేళ్లకి మళ్లీ చేతికొస్తాయి, ఒరగకుండా పెరుగుతాయి కాబట్టి కోయడమూ తేలిక. కాయలు నేల రాలకముందే గొర్రెలు, మేకలు ఆ వరస దగ్గరకి రాకుండా చూడండి. పేడలో గింజలు పొలమంతా చేరతాయి.

కట్టెల విషయంలో అందరూ జాతి గురించి వాదిస్తారు గానీ, అసలు తేడా తేమలో ఉంది. పూర్తిగా ఎండిన కట్టె ఏ జాతిదైనా కిలోకి 4500 నుంచి 5000 కిలోకేలరీల మధ్యే ఉంటుంది. పచ్చి కట్టెలో బరువులో సగం దాకా నీళ్లు. టన్ను పచ్చి కట్టెలో 500 కిలోలు నీళ్లనుకుంటే, 20 శాతం తేమకి ఎండేసరికి మిగిలేది 625 కిలోలు. తూకం మీద కొనేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. జాతి తేడా వచ్చేది చిక్కదనంలో. సరుగుడు, నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, చింత బరువైనవి, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. సరుగుడు కాస్త పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, అందుకే వంటచెరకుగా దానికి అంత పేరు. వేప, మామిడి మధ్యరకం. మునగ, బూరుగు బాయిలర్ దగ్గరకి మోసుకెళ్లే శ్రమకి కూడా తగవు. గన్నేరు, పచ్చగన్నేరు, నల్లజీడి పొయ్యిలో పెట్టకూడదు, పొగ కూడా ప్రమాదమే. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ కూడా అంతే.

జనవరిలో కొట్టడం సరైన సమయం. కానీ దుంగలుగా పడేసి ఉంచితే మృగశిర నాటికి ఎండవు. బెరడు నీటిని పట్టి ఉంచుతుంది, తేమ రెండు కొసల నుంచే పోవాలి. కొట్టిన వారం లోపల బాయిలర్ నోటికి తగ్గ పొడవుకి, సాధారణంగా 12 నుంచి 14 అంగుళాలు, కోసి, మణికట్టు కన్నా లావున్నదల్లా చీల్చేయాలి. ముక్క మందం 3, 4 అంగుళాలు దాటకూడదు. పచ్చి తుమ్మ చీల్చడం తేలిక. ఎండాక అదే మొద్దు గొడ్డలిని ఎగరేస్తుంది. ఇలా చీల్చి పేరిస్తే మార్చి నుంచి మే ఎండలకి బాగా ఎండుతాయి. చీల్చని తొడ లావు దుంగకి ఏడాది కూడా చాలదు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి కొసల్లో పగుళ్లు, బెరడు ఊడిరావడం, రెండు ముక్కలు కొడితే మోగడం గుర్తులు. వీటి కన్నా నమ్మకమైనది తూకం. వరస మధ్యలోంచి రెండు ముక్కలకి సుద్దతో గుర్తు పెట్టి వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచండి. వారంలో తగ్గేది నూటికి ఒకటి రెండు పాళ్ల లోపుకి వస్తే ఆ వాతావరణానికి ఎండాల్సినంత ఎండినట్టు. రెండు సూదుల తేమ మీటరు ఉంటే ముక్కని అప్పటికప్పుడు చీల్చి లోపలి మొహం మీద గుచ్చాలి. కొస మీద గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఎన్ని కావాలి? అయిదుగురికి తలా 15 లీటర్లు వేడి నీళ్లంటే 75 లీటర్లు. 25 డిగ్రీల నుంచి 45కి పెంచాలంటే 1500 కిలోకేలరీలు. మామూలు బాయిలర్‌లో వేడి మూడో వంతు దాకా పనికొస్తుందనుకుంటే ఎండు కట్టె కిలోన్నర దాకా పడుతుంది. అవే నీళ్లకి పచ్చికట్టె రెట్టింపు పైన కావాలి, గొట్టంలో తారు పేరుకుంటుంది. నాలుగు నెలల చలికాలానికి 180 కిలోలు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు, 14 అంగుళాల ముక్కలతో ఒక వరస పేరిస్తే అందులో ఎండు తుమ్మ సుమారు 400 కిలోలు ఉంటుంది. గాడిపొయ్యికి అదే కట్టె మూడు అడుగుల పొడవున, లావు ముక్కలుగా విడిగా పెట్టుకోవాలి, బాయిలర్ ముక్కలు దానికి సరిపోవు.

పేర్చే పద్ధతి: నేల మీద ఇటుకలో రాళ్లో పెట్టి, వాటి మీద నాపరాళ్లు గానీ పాత ఇనుప పైపులు గానీ వేసి జానెడు ఎత్తులో మొదలుపెట్టండి. గోడకి అడుగు దూరం. గాలి వచ్చే దిక్కుకి ముక్కల కొసలు ఉండాలి. రెండు చివర్లా ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం వేసి స్తంభంలా కడితే వరస కూలదు. 4 అడుగులు దాటించొద్దు, పిల్లలు ఆనుకుంటే మీద పడుతుంది. బెరడు ఊడిరాని ముక్కలు పై పొరలో బెరడు పైకి ఉండేలా వేయండి. వేసవిలో కప్పనే కప్పొద్దు. తొలకరికి ముందు పైన మాత్రం రేకు వేసి రాళ్లు పెట్టండి, అన్ని వైపులా జానెడు బయటికి రావాలి. మా సముద్రపు ఒడ్డున తుపాను కబురు వస్తే రేకుని వరస కింది పైపులకి తాడుతో కడతాం, ఉత్త రాళ్లు ఆగవు.

పెంకుటిల్లు:

రేకు ఎందుకండీ, బరకం నేలదాకా కప్పేస్తే జల్లు కూడా తగలదు కదా. చెదలకి గమాక్సిన్ పొడి చల్లితే సరి.

సరుగుడుతోట:

పెంకుటిల్లు గారూ, రెండూ వద్దు. బరకం నేలదాకా కప్పితే నేల నుంచి లేచే ఆవిరి లోపలే ఉండిపోతుంది. ఆగస్టులో ఎత్తి చూస్తే బూజు పట్టి, ఎండిన కట్టె మళ్లీ తేమ పట్టి ఉంటుంది. పక్కల నుంచి కొట్టే జల్లు పైపైన తడుపుతుంది, రెండు రోజుల గాలికి పోతుంది. బరకమే ఉంటే పైన మాత్రమే కప్పి పక్కలకి జానెడు దించండి.

గమాక్సిన్ అంటే లిండేన్. మన దేశంలో 2013 నుంచి దాని వాడకమే నిషేధం. అది సరే, ఏ మందైనా కట్టె మీద చల్లితే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు ఆ పొగే పీలుస్తారు. చెదలు నేల నుంచి మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి వస్తాయి. రాళ్ల మీద పేర్చడంలో ఉపయోగం అదే, గొట్టం కంటికి కనపడుతుంది. వారానికోసారి చీపురుతో దులిపేయండి. రాళ్లకి రాలిన బెరడు, పొట్టు ఆనకుండా ఊడ్చాలి, చాలాచోట్ల చెదలు ఎక్కేది ఆ చెత్త వంతెన మీదుగానే.

పొడి రాలుస్తూ సన్న రంధ్రాలు పెట్టేది వేరే పురుగు. మామిడికి, తుమ్మ తెల్లకర్రకి (బెరడు పక్కనుండే లేత కర్ర) తొందరగా పడుతుంది, తుమ్మ చేవని ముట్టుకోదు. గుడ్లు బెరడు కింద పెట్టే పురుగులు ఎక్కువ కాబట్టి బెరడు తీస్తే సగం బెడద పోతుంది. అమావాస్యకి కొడితే పుచ్చదంటారు గానీ నేను పట్టించుకునేది బెరడునే. మామిడి కట్టె ఆ ఏడాదే ముందు కాల్చేయండి, తుమ్మ నిల్వకి ఉంచండి.

మెట్టపొలం:

సరుగుడుతోట గారూ, పాముల గురించి కూడా చెప్పండి. ఇంటి వెనక అంటే పడకగది కిటికీ కిందే ఖాళీ ఉంది. ఇంకా ముడులు పడ్డ తుమ్మ మొద్దులు గొడ్డలికి లొంగడం లేదు.

మానుకోట_కట్టె:

కిటికీ కింద వద్దన్నా. ఎలుకలు కట్టెల్ల చేరుతయి, ఎలుకల కోసం పాము వస్తది, ఆడికెల్లి కిటికీకి ఎంత దూరం. కట్లపాము రాత్రి తిరుగుతది, కరిస్తె నొప్పి కూడ పెద్దగ తెల్వదు, అదే దాంతోని భయం. ఇంటికి ఇరవై అడుగుల అవుతల, లైటు పడే తావుల పెట్టండి. గడ్డివాము పక్కన, గ్యాసు సిలిండర్ పక్కన అసలే వద్దు. కట్టెలు పైనుంచే తియ్యాలె, మధ్యల చెయ్యి పెట్టి గుంజుడు లేదు. ముందుగల కర్రతోని రెండు దెబ్బలు కొట్టి, చీకటైతె టార్చి ఏసి, గ్లౌజు ఏసుకొని తియ్యండి. తేలు, జెర్రి ముక్క కింది మొహానికి పట్టుకొని ఉంటయి, సంకల ఎత్తుకునే ముందు తిప్పి చూడండి. మరుసటి రోజుకు కావాల్సినయి పగటి పూటనే తెచ్చి బాయిలర్ కాడ ఏసుకుంటె రాత్రి, పొద్దున్నే చీకట్ల పోయే పని ఉండదు. పాము కరిస్తె కట్టు కట్టుడు, కోసుడు చెయ్యకండి, కరిసిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి 108కి ఫోన్ చేసి పెద్ద సర్కారు దవాఖానకు పోవాలె.

రంపంపొట్టు:

ముడి ఉన్న మొద్దుల గురించి. చెట్లు కొట్టే పలచ గొడ్డలితో చీలవు, అది కట్టెలో దిగి ఇరుక్కుంటుంది. చీల్చడానికి బుగ్గలు లావుగా ఉన్న బరువు గొడ్డలి కావాలి, తల 2.5 నుంచి 3 కిలోలు. కమ్మరి దగ్గర చేయించుకోవచ్చు. మొద్దుని మోకాలి కన్నా కొంచెం తక్కువ ఎత్తున్న దిమ్మ మీద నిలబెట్టండి. అప్పుడు గొడ్డలి తప్పినా దిమ్మలో దిగుతుంది, కాలి మీదకి రాదు. నడిమికి కొట్టకుండా కొసలో కనపడే పగులు వెంట, అంచు నుంచి పేళ్లు పేళ్లుగా తీయండి. ముడి ఉన్న కొస కిందికి ఉండాలి.

అప్పటికీ రాకపోతే రెండు ఇనుప వెడ్జ్‌లు, ఒక సమ్మెట. మొదటిది పగులులో దిగ్గొట్టి, అది తెరిచిన చీలికలో రెండోది పెడితే మొదటిది వదులై వస్తుంది. ఒక్కటే ఉంటే అది లోపల ఇరుక్కుని మొద్దుతో పాటు మిగిలిపోతుంది. గొడ్డలి వెనకవైపుని సమ్మెటలా వాడొద్దు, పిడి దూర్చే కన్ను పగులుతుంది. వెడ్జ్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రైండర్‌తో ఆ అంచులు తీసేయాలి, దెబ్బకి ఇనుప తునక ఎగిరి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు ఎలాగూ ఉండాల్సిందే.

మరీ మొండి మొద్దులుంటే చీల్చొద్దు. పక్కకి పడుకోబెట్టి, రంపంతో నిలువునా రెండు ముక్కలు కోయండి. అలా పక్క నుంచి కోసినప్పుడు పొడుగు పీచులు వచ్చి క్లచ్ కవర్‌లో కూరుకుంటాయి, రెండు మూడు మొద్దులకోసారి ఇంజన్ ఆపి తీసేయండి. ఆ మొద్దులు గాడిపొయ్యి కోసం పక్కన పెట్టుకునే రకం. బాయిలర్‌కి ఎందుకు తిప్పలు?